గోడమీది వాక్యం



జాన్ న్యూటన్ అనే పేరు వినని విశ్వాసులు ఉండవచ్చు గానీ, ఆయన రాసిన అమేజింగ్ గ్రేస్ పాట వినని వారు తక్కువ. ఆ పాట వెనుక కథను మన పులిపీఠాల మీద నుండి సాధారణంగా మూడు నిమిషాల్లో చెప్పేస్తాం. బానిసలను అమ్మే ఓడ కెప్టెన్ ఒకడు తుపానులో చిక్కుకున్నాడు, దేవునికి మొర్రపెట్టాడు, రక్షణ పొందాడు, ఆ పాడు వ్యాపారం వదిలేసి పాట రాశాడు. వినడానికి బాగుంటుంది. కానీ జరిగింది అలా కాదు. తుపాను వచ్చిన నాటికి అతడు కెప్టెన్ కాడు. బానిస ఓడలకు కెప్టెన్ అయింది మారుమనస్సు పొందిన తర్వాతే. ఆ వ్యాపారం పాపమని లోకం ఎదుట ఒప్పుకోవడానికి తుపాను తర్వాత ఇంకా నలభై ఏళ్లు పట్టింది.

ఈ మాట చెబితే కొందరికి నొప్పి కలగవచ్చు. కానీ కత్తిరించిన సాక్ష్యం కంటే పూర్తి సాక్ష్యమే మనకు మేలు చేస్తుంది. లేఖనం రెండు ధన్యతలను చెబుతుంది. అతిక్రమము క్షమించబడినవాడు ధన్యుడని 32వ కీర్తన అంటుంది. దేవుని వాక్యము విని దానిని గైకొనేవారు ధన్యులని లూకా సువార్త 11వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. మొదటిది కృప, రెండవది విధేయత. ఈ రెంటి మధ్య ఒక మనిషి ఎంత దూరం నడవవలసి వచ్చిందో న్యూటన్ జీవితం చూపిస్తుంది.

తల్లి నాటిన విత్తనం

న్యూటన్ 1725 జూలై 24న లండన్‌లోని వాపింగ్ అనే రేవు ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్, నెలల తరబడి సముద్రం మీదే ఉండేవాడు. తల్లి ఎలిజబెత్ భక్తురాలు. ఒక్కగానొక్క కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకుని నాలుగేళ్లకే చదవడం నేర్పింది. లేఖన భాగాలు, పిల్లల ప్రశ్నోత్తరాలు, కీర్తనలు కంఠతా పట్టించింది. కొడుకు దేవుని సేవకుడు కావాలని ఆమె కోరిక. కానీ ఆమెకు క్షయ రోగం పట్టుకుంది. కొడుక్కి ఏడో ఏడు నిండడానికి కొద్ది రోజుల ముందే, 1732 జూలైలో ఆమె కన్నుమూసింది.

పదకొండో ఏట తండ్రితో కలిసి అతడు ఓడ ఎక్కాడు. యౌవనంలో తల్లి నేర్పిన దాన్నంతా తీసి అవతల పారేశాడు. తాను నమ్మకపోవడమే గాక, నమ్మే తోటివాళ్ల నమ్మకాన్ని కూడా చెడగొట్టేవాడు. ఆ రోజుల్లో నౌకాదళానికి మనుషులు చాలకపోతే కనబడిన కుర్రాళ్లను బలవంతంగా పట్టుకుపోయేవారు. 1744లో న్యూటన్‌ను అలాగే పట్టుకుపోయి హార్విచ్ అనే యుద్ధనౌక ఎక్కించారు. అతడు పారిపోబోయి దొరికిపోయాడు. అందరి ముందు కొరడా దెబ్బలు తిన్నాడు, ఉన్న హోదా కూడా పోయింది. చివరికి పశ్చిమ ఆఫ్రికాకు పోతున్న ఒక వ్యాపార ఓడకు అతణ్ణి మార్చి వదిలించుకున్నారు.

సంకెళ్ల చేతులు పెట్టిన అన్నం

ఆఫ్రికా తీరంలో, సియర్రా లియోన్ దగ్గరి ప్లాంటేన్ దీవుల్లో, న్యూటన్ ఒక తెల్లజాతి బానిస వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. కొద్దికాలానికే జ్వరంతో మంచాన పడ్డాడు. యజమాని ఊళ్లో లేని సమయంలో ఇంటి పెత్తనం చేసే స్త్రీ అతణ్ణి చూడలేదు సరికదా, తాగడానికి నీళ్లు కూడా సరిగా ఇవ్వనివ్వలేదు. తర్వాత దొంగతనం చేశాడన్న అనుమానంతో యజమాని కూడా అతణ్ణి హీనంగా చూశాడు. ఒంటి మీద సరైన గుడ్డ లేదు. ఆకలికి తట్టుకోలేక రాత్రిపూట తోటలోకి వెళ్లి పచ్చి దుంపలు పెరుక్కుని తిన్నాడు. బానిసల్ని అమ్మేవాడి దగ్గర తానే బానిసకంటే హీనంగా బతికాడు.

అప్పుడు అతణ్ణి ఆదుకున్నది ఎవరు? అమ్ముడు పోవడానికి సంకెళ్లతో కట్టిపడేసి ఉన్న బానిసలు. తమకు పెట్టే పిడికెడు తిండిలోనుంచి కొంత తీసి, ఎవరూ చూడకుండా, ఆ తెల్లకుర్రాడికి పెట్టారు. ఈ సంగతి న్యూటనే తర్వాత తన జీవిత కథలో రాసుకున్నాడు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినవారి గురించి ప్రభువు మత్తయి 25వ అధ్యాయంలో చెప్పిన దానిని, ప్రభువు పేరైనా ఎరుగని ఆ మనుషులు చేసి చూపించారు. పాఠకులు ఈ అన్నాన్ని గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ దీని దగ్గరికే రావలసి ఉంది.

మార్చి 21

తండ్రి స్నేహితుడైన లివర్‌పూల్ వర్తకుడు ఒకరు న్యూటన్‌ను వెతకమని గ్రేహౌండ్ అనే ఓడ కెప్టెన్‌కు చెప్పి పంపాడు. అలా అతడు బయటపడ్డాడు. అది బానిసల ఓడ కాదు. బంగారం, ఏనుగు దంతాలు, తేనెమైనం, కలప కొనుక్కుని పోయే ఓడ. తిరుగు ప్రయాణంలోనూ అతని నోరు మారలేదు. అతని దూషణలు విని, ఈ ఓడలో యోనాను ఎక్కించుకున్నామేమో అని కెప్టెనే బెదిరిపోయాడు.

1748 మార్చి 21 తెల్లవారకముందు ఉత్తర అట్లాంటిక్‌లో భయంకరమైన తుపాను ఆ ఓడను కొట్టింది. పడుకున్న గదిలోకి నీళ్లు రావడంతో న్యూటన్ లేచి పైకి పోబోతుంటే, కత్తి తెమ్మని కెప్టెన్ కేక వేశాడు. అతడు వెనక్కి తిరిగాడు. అతనికి బదులు పైకి వెళ్లిన మనిషిని కెరటం ఎత్తుకుపోయింది. ఓడ ఒక పక్కన పగిలిపోయింది. పరుపులు, బట్టలు కుక్కి కన్నాలు మూశారు. తేనెమైనం, తేలికపాటి కలప నీళ్ల మీద తేలే సరుకులు కాబట్టి ఓడ మునగలేదు. గంటల తరబడి నీళ్లు తోడుతూ ఉండగా, అనుకోకుండా అతని నోటి నుండి ప్రభువు కనికరం అనే మాట వెలువడింది. ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. వెంటనే తనకే ఆశ్చర్యం వేసింది. నాలాంటివాడికి కనికరం ఎక్కడిది అనుకున్నాడు. ఒళ్లు అలసిపోయాక అతణ్ణి చుక్కాని దగ్గర నిలబెట్టారు. అక్కడ తల్లి నేర్పిన వాక్యాలు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చాయి. దేవుడు పిలిచినా వినని వారిని గూర్చి సామెతలు 1వ అధ్యాయం చెప్పే మాటలు తన గురించే అనిపించాయి.

తర్వాతి రోజుల్లో అతడు క్రొత్త నిబంధన తెరిచాడు. అడిగేవారికి పరిశుద్ధాత్మను ఇస్తానన్న వాగ్దానం లూకా 11:13లో కనబడింది. అతని ఆలోచన సూటిగా ఉంది. ఈ గ్రంథం నిజమైతే ఈ మాట కూడా నిజం కావాలి, కాబట్టి అడిగి చూడాలి. పూర్తి నమ్మకం కలిగాక అతడు ప్రార్థన చేయలేదు. వాక్యం చెప్పినట్టు చేసి, ఆ మీద నమ్మకానికి వచ్చాడు. మరి నాలుగు వారాలకు, ఉన్న చివరి ఆహారం కుండలో ఉడుకుతుండగా, ఓడ ఐర్లాండ్ తీరాన్ని చేరింది. మార్చి 21ని అతడు జీవితాంతం కృతజ్ఞతా దినంగా పాటించాడు.

పైన ప్రార్థన, కింద సంకెళ్లు

మూడు నిమిషాల కథ ఇక్కడ ఆగిపోతుంది. న్యూటన్ జీవితం ఆగలేదు. అదే ఏడాది అతడు బ్రౌన్లో అనే బానిసల ఓడలో కెప్టెన్ తర్వాతి స్థానంలో చేరాడు. 1750లో తాను ప్రేమించిన మేరీ క్యాట్లెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాది మొదలుకొని 1754 వరకు కెప్టెన్‌గా మూడుసార్లు ఆఫ్రికాకు వెళ్లి, మనుషుల్ని కొని, అట్లాంటిక్ దాటించి అమ్మాడు. ఓడ పైభాగంలో ఆదివారం నావికుల్ని సమకూర్చి ఆరాధన జరిపేవాడు. బైబిలు చదివేవాడు, భార్యకు భక్తితో నిండిన ఉత్తరాలు రాసేవాడు. అదే ఓడ అడుగున స్త్రీపురుషులు ఊపిరాడని చీకట్లో, సంకెళ్లతో, పక్కకు తిరగడానికైనా చోటు లేక పడి ఉండేవారు. తిరుగుబాటు చేస్తారన్న అనుమానం వచ్చినప్పుడు కుర్రాళ్ల బొటనవేళ్లను ఇనుప మరల్లో బిగించి నిజం చెప్పించిన సంగతి అతని సొంత దినచర్య పుస్తకంలోనే ఉంది.

కొన్నేళ్ల క్రితం తనకు అన్నం పెట్టినవారి సొంత జనాన్నే అతడు ఇప్పుడు సంకెళ్లలో వేశాడు. అతని మారుమనస్సు అబద్ధమా? అబద్ధం కాదు. తిట్టడం మానేశాడు, తాగుడు మానేశాడు, ప్రార్థించేవాడు. కానీ చుట్టూ ఉన్న సమాజమంతా గౌరవమైన వృత్తి అని ఒప్పుకున్న దాని మీద వాక్యపు వెలుగు పడనివ్వలేదు. ఆ పని తనకు నచ్చలేదనీ, ఇంకా మంచి పని చూపించమని దేవుణ్ణి అడిగేవాడననీ తర్వాత రాశాడు. పాపమని మాత్రం అప్పుడు తోచలేదట. ఒక అలవాటును లోకమంతా ఒప్పుకున్నప్పుడు విశ్వాసి మనస్సాక్షి కూడా ఎంత హాయిగా నిద్రపోగలదో ఇక్కడ చూస్తాం.

1754 చివర్లో, నాలుగోసారి బయల్దేరడానికి రెండు రోజుల ముందు, ఇంట్లో భార్యతో కూర్చుని టీ తాగుతుండగా అతడు హఠాత్తుగా స్పృహ తప్పి పడిపోయాడు. వైద్యులు ప్రయాణం వద్దన్నారు. అతనికి బదులు కెప్టెన్‌గా వెళ్లినవాడు ఆ ప్రయాణంలో చనిపోయాడు. న్యూటన్ మళ్లీ సముద్రం ఎక్కలేదు. ఆ వ్యాపారాన్ని అతడు వదలలేదు, దేవుడే అతణ్ణి దానిలో నుండి తప్పించాడు. అతడు విధేయుడు కాకముందే కృప పని చేసింది.

గోడమీద రాయించిన వాక్యం

తర్వాత లివర్‌పూల్ రేవులో ప్రభుత్వ ఉద్యోగం దొరికింది. తీరిక వేళల్లో గ్రీకు, హెబ్రీ భాషలు స్వయంగా నేర్చుకున్నాడు. తల్లి కోరిక నెరవేర్చాలని సేవకు దరఖాస్తు పెట్టుకుంటే, విశ్వవిద్యాలయం చదువు లేదనీ, మెథడిస్టులతో తిరుగుతాడనీ ఏళ్ల తరబడి తిరస్కరించారు. చివరికి 1764లో అభిషేకం పొంది, లేసు అల్లి పొట్టపోసుకునే పేదలు ఉండే ఓల్నీ అనే చిన్న ఊరికి కాపరిగా వెళ్లాడు.

అక్కడ పదహారేళ్లు ఉన్నాడు. పిల్లల కోసం ప్రత్యేకంగా వాక్యం చెప్పాడు, ఇంటింటికీ తిరిగాడు. తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడే విలియం కూపర్ అనే కవిని తోబుట్టువులా చూసుకున్నాడు. వ్యాధి ముదిరి చావే మేలు అనుకున్న రోజుల్లో ఆయనను ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ ఊరి ప్రార్థన కూటాల కోసం ఇద్దరూ రాసిన పాటలు 1779లో ఓల్నీ కీర్తనలుగా అచ్చయ్యాయి. అమేజింగ్ గ్రేస్ ఆ సంపుటిలోదే. 1773 జనవరి 1న, నూతన సంవత్సర ఆరాధనలో, 1 దినవృత్తాంతములు 17:16, 17 మీద చెప్పిన ప్రసంగానికి తోడుగా ఆ పాట పుట్టింది. ఇంతదూరం నన్ను తీసుకురావడానికి నేనెంతటివాడను అని దావీదు దేవుని సన్నిధిని కూర్చుని అనుకున్న సందర్భం అది.

ఓల్నీలో తాను చదువుకునే గది గోడ మీద న్యూటన్ రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. ఒకటి యెషయా 43:4 నుండి, దేవుని దృష్టికి ప్రియులైన వారిని గూర్చినది. రెండవది ద్వితీయోపదేశకాండము 15:15. ఐగుప్తులో నీవు దాసుడవై ఉండగా నీ దేవుడు నిన్ను విడిపించాడని జ్ఞాపకం చేసుకోమనే వాక్యం. ప్లాంటేన్ దీవుల్లో ఆకలికి అలమటించిన రోజుల్ని మరచిపోకూడదనే ఆ వాక్యాన్ని కళ్లెదుట పెట్టుకున్నాడు. అది నిజమైన కృతజ్ఞతే.

అయితే మన బైబిలు తెరిచి ఆ వాక్యానికి ముందు వెనుక ఏముందో చూద్దాం. 12వ వచనం నుండి చదివితే అది బానిసల్ని విడుదల చేసే ధర్మశాస్త్రం. ఆరేళ్లు పని చేసిన దాసుణ్ణి ఏడో ఏట స్వతంత్రుడిగా పంపాలి. వట్టి చేతులతో పంపకూడదు. మందలో నుండి, కళ్లంలో నుండి, ద్రాక్షగానుగలో నుండి ఇచ్చి పంపాలి. ఎందుకు? నీవూ ఒకప్పుడు దాసుడవే గనుక. అంటే, నీవు పొందిన విడుదలను జ్ఞాపకం చేసుకోవడం ఎందుకంటే మరొకరిని విడుదల చేయడానికే. ఆ వాక్యంలో సగం న్యూటన్ గోడ మీద ఉంది. మిగతా సగం ఇంకా ఎదురుచూస్తోంది.

ఆలస్యమైన ఒప్పుకోలు

1780లో ఆయన లండన్‌లోని సెయింట్ మేరీ వుల్నాత్ సంఘానికి మారాడు. 1785 డిసెంబరులో ఒక రోజు 26 ఏళ్ల పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ ఎవరికంటా పడకుండా ఆయన ఇంటికి వచ్చాడు. కొత్తగా మారుమనస్సు పొందిన ఆ యువకుడు రాజకీయం వదిలేసి సేవకు పోదామా అనుకుంటున్నాడు. వదలవద్దనీ, ఉన్న చోటనే దేవుని పని చేయమనీ న్యూటన్ సలహా ఇచ్చాడు. త్వరలోనే విల్బర్‌ఫోర్స్ బానిస వ్యాపార నిషేధాన్ని తన జీవిత కార్యంగా ఎంచుకున్నాడు.

అప్పుడు న్యూటన్ ముందు రెండు దారులు ఉన్నాయి. ఆయన వయసు అరవై దాటింది, పేరున్న కాపరి, ఎందరికో ఆత్మీయ తండ్రి. పాత సంగతులు క్షమించబడ్డాయి కదా అని మౌనంగా ఉండవచ్చు. కృపను అడ్డం పెట్టుకుని దాక్కోవడం విశ్వాసికి సులువైన పని. ఆయన అలా చేయలేదు. 1788లో ఆఫ్రికా బానిస వ్యాపారాన్ని గురించి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఒకప్పుడు తాను చురుకుగా చేసిన పని తలచుకుంటే ఇప్పుడు తన గుండె వణుకుతోందనీ, ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వస్తోందనీ అందులో దాచకుండా రాశాడు. ఓడ అడుగున మనుషుల్ని ఎలా పేర్చేవారో, స్త్రీలకు ఎలాంటి అన్యాయం జరిగేదో, పనిచేసే నావికుల గుండెలు కూడా ఎలా బండబారిపోయేవో కళ్లారా చూసినవాడిగా చెప్పాడు. ఆ తర్వాత ప్రభుత్వ విచారణ సభల ముందు నిలబడి సాక్ష్యమిచ్చాడు. అవతలి పక్షం వారు ఆ వ్యాపారం అంత చెడ్డది కాదని వాదిస్తున్న రోజుల్లో, స్వయంగా కెప్టెన్‌గా చేసినవాడు తన నేరాన్ని తానే చెప్పుకోవడం చాలా విలువైన సాక్ష్యం అయింది.

గోడమీది వాక్యంలోని మిగతా సగం అప్పుడు నెరవేరడం మొదలైంది.

పోరాటం ఇరవై ఏళ్లు సాగింది. ఈలోగా 1790లో భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. చూపు మందగించింది. అయినా పులిపీఠం వదలలేదు. ఆయన ప్రసంగాలు విని మారుమనస్సు పొందిన క్లాడియస్ బుకానన్ అనే స్కాట్లాండ్ యువకుడు 1797లో కలకత్తా చేరి, మన దేశ భాషల్లోకి లేఖనాలు రావాలని పాటుపడ్డాడు. 1807 మార్చి 25న బానిస వ్యాపార నిషేధ చట్టానికి ఆమోదం లభించింది. అదే ఏడాది డిసెంబరు 21న న్యూటన్ 82వ ఏట ప్రభువునందు నిద్రించాడు. జ్ఞాపకశక్తి తగ్గిపోయిన చివరి దినాల్లో కూడా, తాను ఘోరపాపిననీ క్రీస్తు గొప్ప రక్షకుడనీ మాత్రం మరచిపోలేదని ఆయనను ఎరిగినవారు చెప్పారు.

ధన్యత ఎక్కడ ఉంది?

న్యూటన్ ఎప్పుడు ధన్యుడయ్యాడు? 1748లో క్షమాపణ దొరికినప్పుడా, 1788లో సత్యం ఒప్పుకున్నప్పుడా? ఈ రెంటిని విడదీయలేం. కృప లేకపోతే ఆ ఒప్పుకోలుకు ధైర్యం వచ్చేది కాదు. క్షమించబడ్డానని తెలిసినవాడే తన పాపాన్ని పేరు పెట్టి పిలవగలడు. అలాగే ఆ ఒప్పుకోలు లేకపోతే, ఆయన పాడిన కృప ఆయన ఓడలో సంకెళ్లు మోసినవారి వరకు వెళ్లకుండా ఆయన దగ్గరే ఆగిపోయేది. విని మరచిపోక చేసేవాడు తన క్రియలో ధన్యుడవుతాడని యాకోబు 1:25 చెప్పేది ఇదే. విధేయతతో కృపను కొనుక్కోలేం. పొందిన కృప మాత్రం మనల్ని విధేయత వైపు నడిపిస్తూనే ఉంటుంది, ఆలస్యమైనా విడిచిపెట్టదు.

ఒక్క మాట దాచకూడదు. న్యూటన్ ఆలస్యం చేసిన ఏళ్ల మూల్యం ఆయన చెల్లించలేదు. ఆయన ఓడల్లో వెళ్లినవారు చెల్లించారు. ఆయన క్షమించబడ్డాడు, వారు ఇళ్లకు తిరిగి రాలేదు. కృప గొప్పదే, కానీ మన అవిధేయత వల్ల పొరుగువాడికి కలిగే నష్టం చిన్నదైపోదు. అందుకే వాక్యం ఈ రోజు పలికితే ఈ రోజే లోబడాలి.

మన ఇళ్లలో కూడా గోడమీద వాక్యం ఉంటుంది. ప్రతి జనవరి 1న వాగ్దానపు కార్డు తీసుకుంటాం, దానిని చట్రం కట్టించి హాల్లో తగిలిస్తాం. దీవెన ఉన్న సగం మనకు కంఠతా వస్తుంది. ఈ వారం ఒక పని చేద్దాం. మన గోడమీద ఉన్న వాక్యానికి ముందు నాలుగు వచనాలు, తర్వాత నాలుగు వచనాలు బైబిలు తెరిచి చదువుదాం. అక్కడ పనిమనిషికి ఇవ్వవలసిన జీతం ఉండవచ్చు. తమ్ముడికి తిరిగి ఇవ్వవలసిన పొలం గట్టు ఉండవచ్చు. కట్నం అని పేరు పెట్టకుండా కోడలి పుట్టింటి నుండి తెచ్చుకున్నది ఉండవచ్చు. సంఘంలో కులం పేరుతో దూరంగా కూర్చోబెట్టినవారు ఉండవచ్చు. అందరూ చేసేదే కదా అని మన మనస్సాక్షి నిద్రపోతున్న చోటు ఏదో అక్కడ కనబడుతుంది.

ఆకలితో ఉన్నప్పుడు మనకు అన్నం పెట్టిన చేతులు ఎవరివో, ఆ చేతులకు మనం ఏం చేశామో ప్రభువు మనకు జ్ఞాపకం చేయును గాక. క్షమించబడిన ధన్యత, లోబడిన ధన్యత రెండూ మనకు దయచేయును గాక. ఆమేన్.